కుక్కకు అన్నం పెడితే పుణ్యం, అర్జీ పెడితే తగవా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ వీధిలో తొమ్మిది కుక్కలకు రెండేళ్లుగా అన్నం పెడుతున్నారు. అన్నాళ్లూ ఎవరూ ఏమీ అనలేదు. మీ అత్తగారు కూడా మిగిలిన పెరుగన్నం గిన్నెలో తీసి ఉంచేవారు. కిందటి నెలలో మీరు వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించమని మున్సిపల్ కమిషనర్‌కు అర్జీ రాసి, దానిమీద సంతకాలు పెట్టమని ఇంటింటికీ వెళ్లేసరికి అందరి ముఖాలూ మారిపోయాయి. ఇంట్లో "కోడలు ఆఫీసుల చుట్టూ తిరగడం ఏమిటి?" అన్నారు. వీధిలో "కుక్కలే కనబడుతున్నాయా, మనుషుల పిల్లలు కనబడటం లేదా?" అన్నారు. వీళ్లకు కుక్కలంటే అసహ్యమా, నేనంటే కోపమా, అసలు మన సంస్కృతిలోనే ఈ పనికి చోటు లేదా అని అడిగారు.

నేను ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. గోదావరి ఒడ్డున ఓ మాదిరి పట్టణం మాది. పంతొమ్మిదేళ్లుగా వీధి కుక్కల పని చేస్తున్నాను. మొదటి ఆరేడేళ్లు ఒంటరిగా, ఇప్పుడు పదకొండుమందితో కలిసి. మీకు ఎదురైనవన్నీ నాకూ ఎదురయ్యాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఓపికగా చదవండి.

వాళ్లకు కుక్కలంటే అసహ్యం లేదమ్మా. మీరంటే కోపమూ లేదు. మనవాళ్లు దానాన్ని గౌరవిస్తారు, అర్జీని చూసి భయపడతారు. మీరు గిన్నెతో అన్నం తీసుకెళ్లినంతకాలం ఆ పుణ్యం మీది, ఖర్చు మీది, ఎవరికీ బాధ్యత లేదు. కాగితం తీసుకెళ్లిన రోజు మాత్రం మీరు ఎదుటివారిని సాక్షిగా నిలబడమన్నట్టు. పక్కింటాయనకు తల్లి పింఛను పని కౌన్సిలర్ దగ్గర ఉంది. ఎదురింటివారు ఇంటిమీద మరో అంతస్తు వేస్తున్నారు, దానికి ప్లాను లేదు. మూడో ఇంటావిడకు కుళాయి కనెక్షన్ రావాలి. ఆ సంతకం రేపు ఎవరి కంట్లో పడుతుందోనన్న బెరుకు వాళ్లది. దాన్ని పిరికితనం అని కొట్టిపారేయకండి. ఆఫీసులతో సామాన్యులకు ఉన్న అనుభవం అలాంటిది. "మనకెందుకు" అనే మాట వెనుక చాలాసార్లు ఉండేది కఠినత్వం కాదు, పాత దెబ్బ.

సంస్కృతిలో చోటు లేదా అని అడిగారు కదా, దానికి నాకు చాలా గట్టి సమాధానం ఉంది. నన్నయ గారి ఆంధ్ర మహాభారతంలో కథలోకి అడుగుపెట్టగానే మనకు ఎదురయ్యేది ఒక కుక్క ఫిర్యాదు. జనమేజయుడు యాగం చేస్తుంటాడు. సరమ అనే దేవతల ఆడకుక్క కొడుకు అక్కడ ఆడుకోవడానికి వెళితే, రాజుగారి తమ్ముళ్లు ఏ తప్పూ చేయని ఆ పిల్లను కొడతారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పరుగెత్తుతుంది. సరమ ఊరుకోలేదు. నేరుగా రాజు ముందుకు వెళ్లి, మంచిచెడ్డలు ఆలోచించకుండా సాధువులకు, పేదవారికి కీడు చేసేవారికి కారణం తెలియని భయాలు వచ్చిపడతాయని చెప్పి వెళ్లిపోతుంది. రాజు "కుక్కే కదా" అనుకోలేదు. కలత చెంది, శాంతి చేయించే పురోహితుడి కోసం వెతుక్కుంటూ వెళ్లాడు. ఆ పద్యాన్ని మా తరం బడిలో కంఠస్థం చేసింది. కుక్క నోట వచ్చిన మాటలో "పేదవారు" అన్న పదం ఉందని మాత్రం నేను యాభై ఏళ్లు దాటాక గమనించాను. ఇదే భారతం చివర్లో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానంటాడు. ఆ కథ అందరూ చెబుతారు. నాకు మాత్రం సరమ కథే దగ్గరిది, ఎందుకంటే ధర్మరాజుది దయ, సరమది అర్జీ.

మరోవైపు "కుక్క చావు", "కుక్క బతుకు", "కుక్క కాటుకు చెప్పు దెబ్బ" అన్నవీ మన మాటలే. కాలభైరవుడి వాహనానికి దండం పెట్టి, గుడి బయట పడుకున్న కుక్కను కర్రతో అదిలించేదీ మనమే. రెండూ మనవే అని ఒప్పుకుంటే వీధిలోవాళ్లతో మాట్లాడటం సులువవుతుంది. "మీకు దయ లేదు" అని మొదలుపెడితే తలుపు మూసుకుంటుంది.

ఈ తగవు కొత్తదీ కాదు. 1832లో బొంబాయిలో వీధి కుక్కలను చంపించడానికి ఆంగ్లేయ ప్రభుత్వం మనుషులను పెట్టి, కుక్కకు ఇంత అని డబ్బు ఇచ్చింది. కుక్కను పవిత్రంగా చూసే పార్సీలు తిరగబడ్డారు, దుకాణాలు మూతపడ్డాయి, నగరం అట్టుడికింది. 1926లో అహ్మదాబాద్‌లో ఒక మిల్లు యజమాని పిచ్చికుక్కల భయంతో అరవై కుక్కలను చంపించినప్పుడు ఆయన గాంధీజీని సలహా అడిగారు. అహింస గురించి అంతగా చెప్పిన గాంధీజీ ఆ పనిని తప్పు పట్టలేదు. దేశం నలుమూలల నుంచి కోపంతో ఉత్తరాలు వచ్చిపడితే వారాల తరబడి తన పత్రికలో జవాబులు రాశారు. యజమాని లేని కుక్క వీధిలో తిరగడం సమాజానికే సిగ్గుచేటు అన్నది ఆయన వాదం. నేను ఆయన తీర్పుతో ఏకీభవించను. అప్పటికి కుక్కలకు సంతాన నియంత్రణ ఆపరేషన్ అనే మార్గం ఎవరి ఊహలోనూ లేదు. మద్రాసులో బ్లూ క్రాస్ అనే జంతు సంరక్షణ సంస్థ వాళ్లు ఆ పని మొదలుపెట్టింది 1964లో. కానీ ముద్ద వేసి వెళ్లిపోయే దయ సరిపోదని ఆయన అన్న మాటను మాత్రం నేను తోసేయలేను. అది నాకు పుస్తకంలో కాదు, మా వీధిలో అర్థమైంది.

అదీ చెబుతాను. 2014 జనవరి. మా వీధిలో గోధుమరంగు ఆడకుక్క ఉండేది, ఎడమ ముందుకాలు మాత్రం తెలుపు. మూడేళ్లుగా నా చేతి అన్నమే తినేది. కాలువ పక్కన పగిలిన సిమెంటు గొట్టంలో అయిదు పిల్లలను పెట్టింది. ఇస్త్రీ బండి పెట్టుకునే ఆవిడ కొడుకు, ఆరేళ్లవాడు, బంతి కోసం ఆ గొట్టం దగ్గరికి వంగాడు. పిక్క పట్టుకుంది. నేను వెళ్లేసరికి తల్లి గాయంమీద సున్నం రాయడానికి గిన్నె పట్టుకుని ఉంది. ఆపి, కుళాయి కింద కాలు పెట్టించి, బట్టల సబ్బుతోనే కడిగాం. గడియారం చూస్తూ పదిహేను నిమిషాలు. వాడు నా చీర కొంగు పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాడు. నురుగు మొదట ఎర్రగా, తరువాత లేత గులాబీ రంగులో, చివరికి తెల్లగా కాలువలోకి పోవడం ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టే ఉంటుంది.

ఆటోలో ఆసుపత్రికి వెళ్లాం. టీకా ఉంది. రక్తం వచ్చిన కాటు కాబట్టి గాయం చుట్టూ వేయాల్సిన ఇమ్యునోగ్లోబులిన్ అనే మరో ఇంజెక్షన్ అక్కడ లేదు. దానికోసం జిల్లా కేంద్రానికి వెళ్లాల్సి వచ్చింది. ఆ రోజు ఆవిడకు కూలి పోయింది. తరువాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. నాలుగుసార్లూ నేను వెంట వెళ్లాను. వీధిలో ఎవరేమన్నా నేను నోరెత్తలేదు, ఎందుకంటే అది నేను పెంచిన కుక్క. పెంచాను గానీ దానికి ఆపరేషన్ చేయించలేదు, టీకా వేయించలేదు. అన్నం పెట్టడంతో నా బాధ్యత తీరిందనుకున్నాను.

ఇరవై ఎనిమిదో రోజున, వరుసలో కూర్చున్నప్పుడు, ఆవిడే మెల్లగా అంది: "అమ్మగారూ, మీరు అన్నం మానేసినంత మాత్రాన అది ఎక్కడికీ పోదు కదా. దానికి మళ్లీ పిల్లలు పుట్టకుండా ఏదైనా చేయించండి."

కొడుకును కరిచిన కుక్కను చంపమని అనలేదామె. నేను అంతకుముందు రెండు అర్జీలు రాశాను, రెండింటికీ సంతకాలు దొరకలేదు. మూడోదానిమీద మొదటి సంతకం ఆవిడది. కష్టపడి కూడబలుక్కుంటూ పేరు రాసింది. ఆ కాగితం తీసుకుని వెళితే ఒక్క ఇల్లు కూడా కాదనలేదు. కరిపించుకున్న పిల్లవాడి తల్లే అడుగుతుంటే కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? ముప్పై నాలుగు సంతకాలు వచ్చాయి.

నేను మీకు చెప్పదలచుకున్నది ఇదే. కుక్కల తరఫున మాట్లాడాలనుకున్నవాళ్లు ముందు కుక్క కరిచిన ఇంటికి వెళ్లాలి. మీ వీధిలో గత ఏడాదిలో ఎవరిని కరిచింది, వాళ్లు టీకాలన్నీ వేయించుకున్నారా, ఎంత ఖర్చయింది? ఆ ఇళ్లకు వెళ్లి కూర్చోండి. వాదించకండి. వినండి. మీ అర్జీలో కుక్కలపై దయ గురించి పేరాలు రాశారని మీరు పంపిన నకలు చూస్తే తెలిసింది. బాగా రాశారు. కానీ దాన్ని పక్కన పెట్టి మరొకటి రాయండి. మొదటి వాక్యం కాట్లతో మొదలుకావాలి.

"మనుషుల పిల్లలు కనబడటం లేదా?" అన్న మాటకు కూడా జవాబు అక్కడే ఉంది. ప్రపంచంలో ఏటా రేబిస్‌తో సుమారు 59 వేలమంది చనిపోతున్నారని అంచనా, అందులో మూడో వంతుకు పైగా మన దేశంలోనే. పిచ్చికుక్క కాటుకు గురయ్యేవాళ్లలో దాదాపు 40 శాతం పదిహేనేళ్లలోపు పిల్లలే. లక్షణాలు బయటపడ్డాక ఆ జబ్బుకు వైద్యం లేదని చెప్పవచ్చు. ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి క్రమం తప్పకుండా టీకా వేస్తే ఆ గొలుసు తెగిపోతుంది. గోవాలో అలాగే ఏళ్ల తరబడి కుక్కలకు టీకాలు వేసుకుంటూ పోయి, 2021లో దేశంలో మొట్టమొదటి రేబిస్ నియంత్రిత రాష్ట్రమని ప్రకటించుకునే స్థాయికి వచ్చారు. మీ తొమ్మిది కుక్కల్లో ఏడింటికి టీకా వేయిస్తే మీరు కాపాడుతున్నది మీ వీధి పిల్లలనే. ఈ మాట మెత్తగా, లెక్కతో సహా చెప్పండి. నేను చూసినంతలో లెక్క చెప్పినప్పుడు గొంతు పెంచేవాళ్లు తక్కువ.

ఇంకో సంగతి నిక్కచ్చిగా చెప్పాలి. కుక్కల బాధ అందరికీ ఒకేలా ఉండదు. కారులో వెళ్లి వచ్చేవాళ్లను కుక్క కరవదు. తెల్లవారుజామున నాలుగింటికి వీధి ఊడ్చే కార్మికురాలిని, పాలు, పేపరు వేసే కుర్రాణ్ణి, రాత్రి కాపలాదారుణ్ణి, గుడిసె బయట ఆడుకునే పిల్లను కరుస్తుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో కుక్కల దాడిలో చనిపోయిన నాలుగేళ్ల బాబు ఒక సెక్యూరిటీ గార్డు కొడుకు. ఆ వీడియో టీవీలో వచ్చిన వారమంతా కుక్కల తరఫున ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. అలాంటి రోజుల్లో "కుక్కలు ఊరికే కరవవు" అని రాసేవాళ్లున్నారు. దయచేసి మీరు ఎప్పుడూ ఆ పని చేయకండి. బిడ్డను పోగొట్టుకున్న ఇంటి ముందు నిలబడి అనలేని మాట ఎక్కడా అనకూడదు. జంతుప్రేమికులు ఒకవైపు, బాధితులు మరోవైపు అని టీవీ చర్చలు రెండు జట్లుగా కూర్చోబెడతాయి. ఆ కుర్చీలో కూర్చోవద్దు.

అలాగని చంపితే తీరుతుందనే మాటను కూడా ఒప్పుకోవద్దు. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో రాత్రివేళ ముసుగులు వేసుకుని వచ్చినవాళ్లు ఇరవై కుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. 2026 జనవరిలో తెలంగాణ పల్లెల్లో పంచాయతీ ఎన్నికలు ముగిశాక వందల కుక్కలను విషంతో చంపారన్న ఆరోపణలపై పోలీసు కేసులు నమోదయ్యాయి. కుక్కలు లేకుండా చేస్తామన్నది కొన్నిచోట్ల ఎన్నికల హామీ అయిందంటే, జనం ఎంత విసిగిపోయి ఉన్నారో ఆలోచించండి. ఆ విసుగును నేను అర్థం చేసుకుంటాను. కానీ ఒక వీధి కుక్కలను తీసేస్తే, అక్కడి చెత్తకుప్ప అలాగే ఉన్నంతకాలం పక్క వీధివి వచ్చి చేరతాయి. వచ్చేవాటికి టీకా ఉండదు, మనుషుల అలవాటు ఉండదు. పైగా అది నేరం. భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షన్ ప్రకారం జంతువును చంపినా, అవిటిదాన్ని చేసినా అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో మాత్రం మొదటి నేరానికి జరిమానా ఇప్పటికీ పది నుంచి యాభై రూపాయలే. ఈ చట్టం ఒక్కటే చేతిలో పట్టుకుని ఎవరినీ బెదిరించలేమని గుర్తుంచుకోండి.

ఇక పని సంగతి. దీనిలో అన్నిటికన్నా ముఖ్యమైనది కాలం. మన పెద్దలు "చిత్తకార్తె కుక్కలు" అన్నారే, అది ఉత్త తిట్టు కాదు, పరిశీలన. అక్టోబరు రెండు, మూడు వారాల్లో వచ్చే చిత్తకార్తెకు వీధి కుక్కలు ఎక్కువగా ఎదకు వస్తాయి. గుంపులు కడతాయి, కొట్టుకుంటాయి, దారినపోయేవాళ్ల మీద పడతాయి. గర్భం రెండు నెలలు. ధనుర్మాసంలో ముగ్గులు వేసే వేళకు పిల్లలు పుడతాయి. ఇక సంక్రాంతి సెలవుల్లో పిల్లలందరూ వీధిలో ఉంటారు, పిల్లతల్లులు కాపలా కాస్తుంటాయి. మా ఇస్త్రీ బండి ఆవిడ కొడుకు జనవరిలో కాటుకు గురికావడం యాదృచ్ఛికం కాదు. అందుకే ఆపరేషన్లు వినాయక చవితి నాటికి అయిపోవాలి. ఇప్పుడు ఆషాఢం. మీకు మహా అయితే రెండు నెలల వ్యవధి ఉంది.

లెక్కల టీచరును కాబట్టి లెక్క చెబుతాను. మీ తొమ్మిదింటిలో నాలుగు ఆడవి అన్నారు. మూడింటికి ఆపరేషన్ చేయించి ఒకదాన్ని వదిలేశారనుకోండి. ఒక్క ఈతలో అయిదు పిల్లలు. సగం చనిపోయినా రెండు, మూడు మిగులుతాయి. ఏడాది తిరిగేసరికి వాటిలో ఆడది ఈనుతుంది. మూడేళ్లలో మీరు మొదటికి వచ్చినట్టే. కాబట్టి నాలుగూ జరగాలి. మగవాటిని తరువాత చూసుకోవచ్చు.

మున్సిపాలిటీ బండి వచ్చినప్పుడు మీరు ఉండి తీరాలి. 2023 మార్చిలో కేంద్రం కొత్తగా తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం, పట్టుకున్న కుక్కకు ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, గాయం మానాక పట్టిన చోటే వదలాలి. గుర్తుగా చెవి కొసన చిన్న గాటు పెడతారు. తెలియనివాళ్లు ఏ కుక్కో కొరికిందనుకుంటారు. ఆ గాటే మీ పనికి సాక్ష్యం, దాన్ని చూడటం వీధిలో అందరికీ నేర్పించండి. పట్టేవాళ్లకు మీ కుక్కలు తెలియవు, వల చూడగానే అవి చెల్లాచెదురవుతాయి. మీ చేతి అన్నం తినేవి మీరు పిలిస్తే ఆగుతాయి. మేము వేకువన అయిదింటికి, వీధి ఇంకా లేవకముందే, ఉడికించిన కోడి తోలు కలిపిన అన్నం పట్టుకుని నిలబడతాం. ముద్ద వాసన చూపించి, ఒక్కొక్కదాన్ని మెడకింద చేయి వేసి ఆపితే, వల వేయకుండానే సగం కుక్కలు బండి ఎక్కుతాయి. ఆపరేషన్‌కు ముందు కడుపు ఖాళీగా ఉండాలి కాబట్టి పట్టే వేళ నాలుగు మెతుకులే తప్ప కడుపునిండా పెట్టవద్దు. పాలిచ్చే తల్లిని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఎక్కించనివ్వకండి, దాని పిల్లలు ఆకలితో చనిపోతాయి. ఏ కుక్కను ఏ తేదీన ఎక్కించారో ఫోటో తీసి రాసుకోండి, తిరిగి వచ్చిన రోజు సరిచూడండి. మాకు ఒకసారి పంపిన ఆరింటిలో అయిదే తిరిగి వచ్చాయి. మా దగ్గర ఫోటోలు ఉండబట్టి అడగగలిగాం. ఆరోది మూడు కిలోమీటర్ల దూరంలోని మార్కెట్ దగ్గర పొరపాటున దింపారని తేలింది. వెళ్లి తెచ్చుకున్నాం. మమ్మల్ని చూసి అది వెల్లకిలా పడి మూలిగిన తీరు చూసి, బండి డ్రైవరు మరెప్పుడూ అలా జరగనివ్వలేదు.

అన్నం పెట్టే చోటు మార్చండి. ఇంటి గేటు దగ్గర, పిల్లలు ఆడుకునే చోట, మెట్ల దగ్గర వద్దు. పిల్లలు, వృద్ధులు తిరిగే వేళల్లో పెట్టవద్దని ఆ నిబంధనలే చెబుతున్నాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా వార్డు వారీగా తిండి పెట్టే చోట్లు కేటాయించమని, ఎక్కడపడితే అక్కడ వీధిలో పెట్టవద్దని ఆదేశించింది. ఆపరేషన్, టీకా అయిన కుక్కలను తిరిగి అదే చోట వదలాలని, రేబిస్ ఉన్నవాటిని, దూకుడుగా ఉన్నవాటిని వదలకూడదని అదే ఉత్తర్వులో ఉంది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను తొలగించి, తిరిగి అక్కడ వదలవద్దని కూడా చెప్పింది. మీ వీధి చివర బడి ఉందన్నారు, కాబట్టి బడి ఆవరణలోకి వెళ్లే రెండు కుక్కల సంగతి మీరే ముందుగా హెడ్మాస్టరుతో మాట్లాడండి. ఎవరో ఫిర్యాదు చేసేదాకా ఆగవద్దు. కోర్టు ఉత్తర్వులు మారుతూ ఉంటాయి, అర్జీ ఇచ్చే ముందు తాజా ఉత్తర్వు చదువుకుని వెళ్లండి.

మాంసం దుకాణాల సంగతి ఎవరూ పట్టించుకోరు. మా ఊళ్లో ఆదివారం సాయంత్రం కోడి పేగులు కాలువలో పారేసే దుకాణం చుట్టూ పదిహేను కుక్కలు చేరేవి. కాట్లలో సగం ఆ మలుపు దగ్గరే జరిగేవి. దుకాణదారుతో పోట్లాడలేదు. మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి కొనిచ్చి, చెత్త బండి ఆ దారిన ఉదయం ఆరింటికే వచ్చేలా శానిటరీ ఇన్‌స్పెక్టరును ఒప్పించాం. రెండు నెలల్లో గుంపు అయిదుకు తగ్గింది. కుక్కల పని అనుకుంటాం గానీ అందులో సగం చెత్త పనే.

అర్జీ సోమవారం ఇవ్వండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, రెండూ సోమవారమే. అర్జీ ఒక్క పేజీ దాటవద్దు. ఎన్ని కుక్కలు, ఎన్ని ఆడవి, ఏడాదిలో ఎన్ని కాట్లు, ఏం కావాలి. అంతే. రసీదు నంబరు తీసుకోండి. పదిహేను రోజులకు ఆ నంబరు పట్టుకుని మళ్లీ వెళ్లండి. కసురుకునే గుమస్తా దగ్గర కూడా కూర్చుని ఆయన ఇబ్బంది అడగండి. బండి ఒక్కటే, పట్టేవాళ్లు ఇద్దరే, బడ్జెట్ రాలేదు వంటివి చాలావరకు నిజాలే. వాటిని మీ తరువాతి అర్జీలో పైఅధికారికి రాయండి. ఆయన పేరు చెప్పి ఎక్కడా వీడియో పెట్టవద్దు. సామాజిక మాధ్యమాల్లో నిలదీస్తే ఆ రోజుకు పని జరగవచ్చు, తరువాత అయిదేళ్లు ఆ ఆఫీసు తలుపు తెరుచుకోదు. మర్యాదగా, విసుగు లేకుండా, మళ్లీ మళ్లీ వెళ్లడమే మన ఊళ్లలో పనిచేసే ఉద్యమం.

అత్తగారి విషయం. ఆవిడ పెరుగన్నం తీసి ఉంచినంతకాలం ఈ పనిలో ఆవిడ మీ భాగస్వామి. ఇప్పుడు ఆవిడను బాధిస్తున్నది కుక్కలు కావు, "మీ కోడలు సంతకాలు అడుగుతూ తిరుగుతోందట" అని ఎవరో గుడిలో అన్న మాట. నా భర్త కూడా మొదట్లో అదే అన్నారు. ఆయనతో వాదించడం మానేసి, ఆసుపత్రికి వెళ్లిన ఏడో రోజున తోడు రమ్మన్నాను. ఆ పిల్లవాడిని ఒడిలో కూర్చోబెట్టుకుని సూది వేయించింది ఆయనే. మరునాటి నుంచి ఒక్క మాట అనలేదు. చనిపోయే దాకా మా కుక్కల లెక్కల పుస్తకం ఆయనే రాశారు. కరిచిన ఇంటికి వెళ్లేటప్పుడు మీ అత్తగారిని వెంట తీసుకెళ్లండి. ఆ ఇంటివారితో పెద్దావిడ మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది, ఆ మాటకు విలువ కూడా వేరు.

మీ శరీరం గురించి ఒక మాట. కుక్కలతో పనిచేసేవాళ్లు ముందుగానే రేబిస్ టీకాలు వేయించుకోవాలి. డాక్టరు చెప్పిన తేదీలు తప్పవద్దు. ముందుగా వేయించుకున్నా సరే, కాటు పడితే మళ్లీ కడగాలి, మళ్లీ వెళ్లాలి. మనసు గురించి కూడా. వానాకాలంలో పార్వో అనే అంటుజబ్బు వచ్చి కుక్కపిల్లలన్నీ వరుసగా చనిపోయే వారాలు ఉంటాయి. తెల్లారి లేచి గోనెసంచితో గుంటలు తవ్వుకునే రోజులు. అలాంటప్పుడు రెండు వారాలు పని ఆపి ఇంట్లో ఉండండి, మిగతావాళ్లు చూసుకుంటారు. అందుకే ఈ పని ఒక్కరే చేయకూడదంటాను. దెబ్బతిన్న ప్రతిదాన్నీ ఇంటికి తెచ్చుకోవద్దు. ఇల్లు నిండితే ఇంట్లోవాళ్లు దూరమవుతారు, వీధిలో పని ఆగిపోతుంది.

ఆ గోధుమరంగు కుక్క పదేళ్లు బతికింది, మళ్లీ ఈనలేదు. మళ్లీ ఎవరినీ కరవలేదు. ఇస్త్రీ బండి ఆవిడ ఇప్పుడు మా పదకొండుమందిలో ఒకరు. రోజంతా వీధిలోనే ఉంటుంది కాబట్టి చెవికి గాటు లేని కుక్క కొత్తగా వస్తే అందరికంటే ముందు ఆమెకే తెలుస్తుంది. బండి కింద నుంచి ఫోను చేసి రంగు, ఆడో మగో చెబుతుంది.

రేపు ఆదివారం. ఉదయం అయిదున్నరకు, అన్నం గిన్నె లేకుండా, ఒక నోటు పుస్తకం తీసుకుని మీ వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడవండి. ఎన్ని కుక్కలు, ఏ రంగు, ఆడో మగో, చెవికి గాటు ఉందా, పాలు తాగే పిల్లలు ఉన్నాయా, ఏ ఇంటి ముందు పడుకుంది అన్నవి రాయండి. సాయంత్రం మళ్లీ ఒకసారి నడవండి, లెక్క రెండుసార్లు కలవాలి. కలవకపోతే సోమవారం కూడా నడవండి. ఆ తరువాత కాటుపడ్డ ఇళ్ల జాబితా. రెండూ చేతికి వచ్చాక నాకు రాయండి, అర్జీ మనిద్దరం కలిసి రాద్దాం.